వడ్డీ లేని ఇళ్ళ ఊరు

అట్లాంటా దాటి దక్షిణానికి గంటన్నర ప్రయాణం చేశాక నేల రంగు మారింది. రోడ్డు కోసం తవ్విన గట్లు ఎర్రగా కనిపించసాగాయి. పెద్ద రహదారి వదిలి 49 నంబరు రోడ్డెక్కేసరికి అటూ ఇటూ చేలే. అక్టోబరు నెల కావడంతో పత్తి పగిలి తెల్లగా ఉంది. వేరుశనగ మొక్కల్ని యంత్రంతో పీకి, కాయలు పైకి వచ్చేలా తిరగేసి, సాళ్ళ వెంబడి ఎండబెట్టారు. మధ్య మధ్య పీకాన్ తోటలు, తాడు పట్టి నాటిన వరసలు. కారు నడుపుతున్న మా అబ్బాయి "అనంతపురం జిల్లాకి వచ్చినట్టుంది నాన్నా" అన్నాడు. మా ఆవిడ వెనక సీట్లోంచి అద్దం దించి, ఆరుతున్న కాయల వాసన పీల్చి, ఔనంది.

మేము వెళుతున్న ఊరు అమెరికస్. జార్జియా రాష్ట్రంలో సమ్టర్ కౌంటీకి ముఖ్య పట్టణం. అట్లాంటా నుంచి రెండు వందల కిలోమీటర్లు దాటి ఉంటుంది. అమెరికా వచ్చిన తల్లిదండ్రులను పిల్లలు నయాగరాకూ న్యూయార్కుకూ తీసుకెళతారు. నేను మాత్రం ముందు ఈ ఊరు చూపించమని అడిగాను. కారణం ఖమ్మం.

'హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ' అనే సంస్థ ప్రపంచంలో చాలా దేశాల్లో పేదలకు ఇళ్ళు కట్టింది. మన దేశంలో ఆ సంస్థ పని మొదలుపెట్టింది 1983లో, మా ఖమ్మంలో. నేను గృహనిర్మాణ శాఖలో ఇంజనీరుగా చేసినవాణ్ణి. బలహీనవర్గాల కాలనీలకు ముగ్గు పోయించడం, పునాదులు కొలవడం, శ్లాబు పడే రోజు పొద్దున్నే వెళ్ళి ఇనుము కట్టింది చూడడం, ఇదే నా సర్వీసంతా. ఆ రోజుల్లో మేస్త్రీలు హాబిటాట్ ఇళ్ళ గురించి చెప్పుకునే మాట ఒకటుండేది: ఇల్లు ఊరికే ఇవ్వరట, అలాగని వడ్డీ కూడా తీసుకోరట. మరి వాళ్ళకేం మిగులుతుంది అని ఒకరినొకరు అడుక్కునేవారు. ఆ పద్ధతి పుట్టిన నేలను చూడాలని నాకు అప్పట్నుంచీ ఉంది.

అమెరికస్ ఊరు చిన్నదే. నడిబొడ్డున విండ్సర్ హోటలు, 1892లో ఎర్ర ఇటుకతో కట్టింది, గుండ్రటి బురుజుతో సహా చెక్కుచెదరకుండా ఉంది. ఇటుక పని దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. తోరణాల దగ్గర ఒక్కో ఇటుకనూ చెక్కి కూర్చారు. విమానచోదకుడు చార్లెస్ లిండ్‌బర్గ్ తన మొదటి విమానాన్ని కొన్నది 1923లో ఈ ఊరి పక్క మైదానంలోనే. ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకునే కథ అది. అంత గర్వంగా చెప్పుకోలేని కథ ఇంకొకటి ఉంది. 1961 డిసెంబరులో ఆల్బనీ పట్టణంలో జాతివివక్ష మీద సాగిన ఉద్యమంలో అరెస్టయిన మార్టిన్ లూథర్ కింగ్‌ను తెచ్చి పెట్టింది ఇక్కడి జైల్లో. ఈ ప్రాంతంలో నల్లజాతివాళ్ళకు ఓటు, బడి, బ్యాంకు, ఏ గుమ్మమూ తేలిగ్గా తెరుచుకోలేదు. ఆ సంగతి గుర్తుంటేనే ఇక్కడ ఇళ్ళు కట్టినవాళ్ళు చేసిన పని విలువ తెలుస్తుంది.

ఊరి నుంచి నైరుతి దిక్కుగా ఏడెనిమిది మైళ్ళు వెళితే, ఆ ఇళ్ళ పద్ధతి పుట్టిన కోయినోనియా ఫార్మ్ వస్తుంది. ఆడంబరం ఏమీ లేదు. రోడ్డు పక్కన బోర్డు, పీకాన్ చెట్ల కింద రేకుల షెడ్లు, నాలుగైదు పాత ఇళ్ళు. 1942లో క్లారెన్స్ జోర్డన్, ఫ్లోరెన్స్ దంపతులూ, మార్టిన్ ఇంగ్లండ్, మేబెల్ దంపతులూ కలిసి ఇక్కడ 440 ఎకరాలు తీసుకున్నారు. జోర్డన్ వ్యవసాయం చదివినవాడు, ఆ పైన గ్రీకు బైబిల్లో డాక్టరేటు చేసినవాడు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే పొలంలో పనిచేసి, ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలి అన్నది ఆయన పట్టుదల. పక్కపక్కన పనిచేస్తే ఊరు సహించింది. పక్కపక్కన కూర్చుని తింటే మాత్రం సహించలేకపోయింది.

1956లో జోర్డన్, అట్లాంటాలో తెల్లవాళ్ళ కాలేజీలో చేరబోయిన నల్లజాతి విద్యార్థుల కోసం నిలబడ్డాడు. దాంతో ఊరు ఊరంతా ఒక్కటై ఈ పొలాన్ని వెలివేసింది. ఎరువుల కొట్టువాడు ఎరువు అమ్మడు. బంకువాడు పెట్రోలు పోయడు. బీమా కంపెనీలు పాలసీలు రద్దు చేశాయి. రోడ్డు పక్కన వీళ్ళు నడుపుకునే చిన్న కొట్టును బాంబులు పెట్టి పేల్చేశారు. రాత్రిపూట కార్లలో వచ్చి ఇళ్ళ మీదికి కాల్పులు జరిపేవారు. 1957లో కాథలిక్ సేవకురాలు డొరతీ డే వీళ్ళకు తోడుగా వచ్చి రాత్రి కాపలా కూర్చుంటే, ఆమె కూర్చున్న వాహనం మీదా తూటాలు పేలాయి.

దగ్గర్లో ఎవరూ కొనరు కాబట్టి పంటను దూరం పంపాలి. పీకాన్ కాయలు కొట్టి, పప్పు తీసి, పొట్లాలు కట్టి, పోస్టులో దేశమంతటికీ పంపడం మొదలుపెట్టారు. ఆ వ్యాపారం ఈ రోజుకీ నడుస్తోంది. మేము వెళ్ళినప్పుడు షెడ్డులో పొడవాటి బల్ల మీద పప్పు పోసి ఏరుతున్నారు. పెంకు ముక్కలు ఒక పక్కకి, విరిగిన బద్దలు ఇంకో పక్కకి. మా ఆవిడ అడక్కుండానే బల్ల దగ్గర కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. వాళ్ళు సంతోషంగా జరిగి చోటిచ్చారు. మధ్యాహ్నం గంట కొట్టారు. వచ్చినవాళ్ళెవరైనా అందరితోపాటు భోజనానికి కూర్చోవచ్చు. మాంసం తినమని చెబితే బీన్సు, మొక్కజొన్న రొట్టె, ఉడికించిన ఆకుకూర పెట్టారు. ఒకప్పుడు బాంబులు తెచ్చిపెట్టిన బల్ల అది. దాని దగ్గర నల్లజాతి ముసలాయన నాకు నీళ్ళ గ్లాసు అందించాడు.

ఈ పొలానికే 1965లో మిల్లార్డ్ ఫుల్లర్ వచ్చాడు. అలబామాలో 1935లో పుట్టినవాడు, లాయరు. చదువుకునే రోజుల్లోనే ఒక స్నేహితుడితో కలిసి పోస్టు ద్వారా సరుకులమ్మే వ్యాపారం పెట్టి, ముప్ఫై నిండకుండానే మిలియన్ డాలర్లు గడించాడు. పెద్ద ఇల్లు, పడవలు, పశువుల క్షేత్రం అన్నీ ఉన్నాయి, భార్యతో మాట్లాడే తీరిక లేదు. ఆమె, లిండా, విసిగిపోయి న్యూయార్కు వెళ్ళిపోయింది. ఆయన వెంట వెళ్ళాడు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని, ఆస్తంతా అమ్మి పంచేసి, మళ్ళీ మొదట్నుంచి బతుకు మొదలుపెడదామని తేల్చుకున్నారు. తిరుగు ప్రయాణంలో స్నేహితుల్ని చూడ్డానికి రెండు గంటలని కోయినోనియాలో ఆగి, నెల రోజులు ఉండిపోయారు.

1968లో మళ్ళీ వచ్చారు. చుట్టుపక్కల పొలాల్లో కూలి చేసే నల్లజాతి కుటుంబాలు చెక్క గుడిసెల్లో ఉంటున్నాయి. వర్షమొస్తే కారుతాయి, నీళ్ళ కుళాయి ఉండదు, మరుగుదొడ్డి ఉండదు. బ్యాంకు వాళ్ళకు అప్పివ్వదు. జోర్డన్, ఫుల్లర్ కలిసి పొలంలో కొంత భాగాన్ని అర ఎకరం చొప్పున 42 ప్లాట్లుగా విడగొట్టారు. నాలుగు ఎకరాలు అందరికీ పార్కుగా వదిలారు. మిత్రులకు ఉత్తరాలు రాసి ఒక నిధి పోగుచేశారు. ఆ నిధితో ఇల్లు కట్టాలి. ఇంటివాళ్ళు కూడా పనిచేయాలి. కట్టిన ఖర్చుకే ఇల్లు అమ్మాలి, లాభం వేసుకోకూడదు, వడ్డీ అడగకూడదు. నెలనెలా వాళ్ళు కట్టే వాయిదాలు మళ్ళీ నిధిలో చేరి పక్కవాళ్ళ ఇంటికి పునాది కావాలి. మొదటి ఇల్లు బో జాన్సన్, ఎమ్మా దంపతులది, 1969లో పూర్తయింది. అది పూర్తవకముందే, అక్టోబరు 29న, జోర్డన్ తన రాతగదిలో గుండె ఆగి చనిపోయాడు. మరణాన్ని నిర్ధారించాల్సిన అధికారి శవాన్ని చూడ్డానికి పొలానికి రానన్నాడు. ఫుల్లరే తన కారులో ఎక్కించుకుని ఊళ్ళోకి తీసుకెళ్ళాడు.

ఆ ఇళ్ళ వీధిలో నేను ఒక్కణ్ణే చాలాసేపు నడిచాను. నేను వెతికింది పగుళ్ళు. యాభై ఏళ్ళు దాటిన పేదల ఇంట్లో పగులు ఎక్కడ వస్తుందో నాకు తెలుసు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా కిందికి దిగుతుంది, లేదా పునాది కుంగిన వైపు గోడ పొడుగునా నిలువుగా చీలుతుంది. ఈ ఇళ్ళు కాంక్రీటు దిమ్మెలతో కట్టినవి. చాలావాటికి రంగులు మారాయి, కొన్నింటికి ముందు వసారా పెంచుకున్నారు, ఒకదానికి పక్కన కొత్తగా గది తగిలించారు. దిమ్మెల మధ్య సందులు సన్నగా, మట్టంగా, ఒకే వరసలో పోతున్నాయి. పునాది నేల మీద రెండు వరసలు లేచింది, వాన నీళ్ళు గోడకు కొట్టకుండా చూరు బాగా ముందుకు దించారు. పేదవాడి ఇల్లు కదా అని ఎక్కడా తగ్గించలేదు. నా సర్వీసులో నేను గౌరవించిన మేస్త్రీలందరూ ఇలాంటి పనే చేసేవారు.

ఒకాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే కూర్చోమన్నాడు. ఇల్లు వాళ్ళ అమ్మ కొన్నదట. నెలనెలా వాయిదా కట్టి తీర్చిందట. తీరిన రోజున కాగితం ఫ్రేము కట్టించి గోడకు పెట్టిందట. లోపలికి తీసుకెళ్ళి చూపించాడు. మంచం పక్కన, పిల్లల ఫోటోల మధ్య ఉంది.

వడ్డీ లేకపోతే ఎంత తేడా వస్తుందో చెప్పాలి. మా ఊళ్ళల్లో ఇల్లు మొదలుపెట్టినవాడు ప్రభుత్వ బిల్లు వచ్చేలోపు చేతిలో డబ్బు లేక, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. మూడు లక్షలు తెస్తే నెలకు ఆరు వేలు వడ్డీకే పోతుంది. యాభై నెలలు తిరిగేసరికి అసలుకు అసలంతా వడ్డీ కింద కట్టి ఉంటాడు, అసలు అలాగే ఉంటుంది. అమెరికా లెక్కలోనూ అంతే. లక్ష డాలర్లు 30 ఏళ్ళకు ఆరు శాతం వడ్డీ మీద తీసుకుంటే నెలకు 600 దాకా కట్టాలి, చివరికి రెండు లక్షల పదహారు వేల దాకా తేలుతుంది. వడ్డీ లేకుండా అదే అప్పు నెలకు 278 డాలర్లతో తీరిపోతుంది. ఆ తేడాతో పిల్లల చదువు సాగుతుంది, జబ్బు చేస్తే మందులు వస్తాయి. ఇల్లు కట్టేవాడు పేదవాడికి చేయగల పెద్ద మేలు తన లాభాన్నీ, అప్పిచ్చేవాడి వడ్డీనీ ఆ లెక్కలోంచి తీసేయడం. ఆ తర్వాత పేదవాడు తన ఇల్లు తానే కొనుక్కుంటాడు, తల ఎత్తుకుని కొనుక్కుంటాడు. ఆ గోడ మీద ఫ్రేములో ఉన్నది అదే.

ఫుల్లర్ దంపతులు 1973లో ఇదే పద్ధతిని ఆఫ్రికాలో జైర్ దేశానికి తీసుకెళ్ళారు. మూడేళ్ళు అక్కడ ఇళ్ళు కట్టించి, తిరిగి వచ్చి, 1976లో ఈ పొలంలోనే మిత్రులతో కూర్చుని హాబిటాట్ సంస్థను స్థాపించారు. ఏడేళ్ళకు అది ఖమ్మం చేరింది. 2005 నాటికి ప్రపంచమంతటా రెండు లక్షల ఇళ్ళయ్యాయి.

అదే 2005లో సంస్థ బోర్డు ఫుల్లర్‌ను తొలగించింది. ఆయన ప్రవర్తన మీద ఒక ఉద్యోగిని ఫిర్యాదు చేసింది. విచారించిన బోర్డు, రుజువు చేయడానికి తగిన ఆధారం లేదని చెప్పింది. ఆఫీసు అట్లాంటాకు మార్చడం మీద, సంస్థ నడవాల్సిన తీరు మీద అప్పటికే ఇరుపక్షాలకూ పడడం లేదు. ఎవరిది ఎంత తప్పో బయటివాణ్ణి నేను తీర్పు చెప్పను. ఆ వయసులో ఆయన మళ్ళీ కోయినోనియాకే వచ్చి, 'ఫుల్లర్ సెంటర్ ఫర్ హౌసింగ్' అని ఇంకో సంస్థ పెట్టి, అదే పని మొదట్నుంచి మొదలుపెట్టడం మాత్రం నా మనసులో నిలిచింది. 2009 ఫిబ్రవరిలో చనిపోయాడు. జోర్డన్‌ను పాతిపెట్టిన గుట్ట మీదే, సాదా చెక్కపెట్టెలో ఆయన్నీ పాతిపెట్టారు.

సాయంత్రానికి ప్లెయిన్స్ వెళ్ళాం. అమెరికస్‌కు పడమర పది మైళ్ళు. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఊరు. ఒకే వీధి, దాని మీద నాలుగు కొట్లు, కొట్లలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. ఉప్పు నీళ్ళల్లో పెంకుతో సహా ఉడికించి వేడివేడిగా ఇచ్చారు. మా ఆవిడ ఇంకో పొట్లం కొనిపించింది. కార్టర్ దంపతుల సొంతిల్లు చివరిదాకా 1961లో కట్టుకున్న ఒక అంతస్తు ఇల్లే. అధ్యక్షుడిగా దిగిపోయాక తిరిగి వచ్చిందీ ఆ ఇంటికే. ఇప్పుడు ఇద్దరి సమాధులూ ఆ ఆవరణలోనే ఉన్నాయి.

హాబిటాట్‌ను ఆయన పెట్టాడని చాలామంది అనుకుంటారు. నిజానికి పక్క ఊరివాడిగా ఫుల్లర్ పిలిస్తే వెళ్ళాడు. 1984లో స్వచ్ఛంద కార్యకర్తలతో కలిసి బస్సెక్కి న్యూయార్కు పోయి, పాడుబడిన ఆరంతస్తుల భవనాన్ని 19 కుటుంబాలు ఉండేలా బాగుచేయడంలో చెయ్యి వేశాడు. మాజీ అధ్యక్షుడు సుత్తి పట్టుకున్న ఫోటో పత్రికల్లో రాగానే సంస్థ పేరు ఊరూరా పాకింది. ఆ తర్వాత ఏటా ఒక వారం భార్యాభర్తలిద్దరూ ఎక్కడో ఒకచోట ఇళ్ళు కట్టారు. మొత్తం 14 దేశాల్లో నాలుగు వేల పైచిలుకు ఇళ్ళు. 2019 అక్టోబరులో, 95 ఏళ్ళ వయసులో, ఇంట్లో పడి కనుబొమ్మ పైన 14 కుట్లు పడ్డాయి. మర్నాడే నాష్‌విల్‌లో పని జరిగే చోట కనిపించాడు.

ఆయన తల్లి లిలియన్ గారి కథ మనవాళ్ళకు ఇంకా దగ్గరిది. నర్సుగా చేసిన ఆమె, 68 ఏళ్ళ వయసులో, 1966లో అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా దళమైన పీస్ కోర్ కార్యకర్తగా మన దేశానికి వచ్చి, బొంబాయి దగ్గర విఖ్రోలీలో దాదాపు రెండేళ్ళు రోగులకు సేవ చేసింది. నలభై ఏళ్ళ తర్వాత, 2006లో, కొడుకూ కోడలూ లోనావలా దగ్గరికి వచ్చి, వేల మంది కార్యకర్తలతో కలిసి వారం రోజుల్లో వంద ఇళ్ళు కట్టించారు. తల్లి పనిచేసిన దేశంలో ఇటుక పెట్టడం ఆ కొడుక్కి ఎంత తృప్తినిచ్చి ఉంటుందో నేను ఊహించుకోగలను.

ఇదంతా చరిత్ర. ఇప్పటి పని చూడాలని, తర్వాతి శనివారం అట్లాంటాలో హాబిటాట్ ఇల్లు కడుతున్న చోటికి మా అబ్బాయితో వెళ్ళాను. వాడి ఆఫీసు నుంచి ఒక బృందం పేర్లిచ్చింది, అందులో వాడు నా పేరూ రాయించాడు. తలకు హెల్మెట్, కళ్ళకు అద్దాలు, నడుముకు మేకుల సంచీ. పొద్దున ఏడున్నరకు అందరినీ గుండ్రంగా నిలబెట్టి, ఆ ఇల్లు కొనుక్కుంటున్న ఆమెను పరిచయం చేశారు. ఆసుపత్రి వంటగదిలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఆమె కూడా హెల్మెట్ పెట్టుకుని సుత్తితో నిలబడి ఉంది. ఇంటివాళ్ళు ఇన్ని గంటలని తమ ఇంటికీ, పక్కవాళ్ళ ఇంటికీ పనిచేయాలి. ఎన్ని గంటలయిందో ఒక చీటీలో రాసి, సైటు సూపర్‌వైజరు సంతకం చేస్తాడు.

ఆ ఇల్లు చెక్కది. కాంక్రీటు నేల అప్పటికే పోసి ఉంది. గోడను నేల మీద పడుకోబెట్టి తయారుచేస్తారు. కిందొక చెక్క పట్టీ, పైనొక చెక్క పట్టీ, వాటి మధ్య పదహారు అంగుళాలకొకటి చొప్పున నిలువు చెక్కలు. ఒక్కో కలయిక దగ్గర రెండేసి మేకులు. నాకు కిటికీ వచ్చే చోటు అప్పగించారు. కిటికీ మీద బరువు మోయడానికి మనం లింటెల్ పోస్తాం. వాళ్ళు రెండు మందపాటి చెక్కల్ని జతచేసి పెడతారు. దానికి రెండు వైపులా ఆనుకునేందుకు పొట్టి చెక్కలు. మేకు వంకరపోతే సూపర్‌వైజరు వెంటనే పీకించి మళ్ళీ కొట్టించాడు. తొమ్మిది గంటలకు పదిమందిమి గోడ వెంబడి వరసగా వంగి, ఒక్క కేకతో ఎత్తాం. గోడ నిలబడింది. ఒకరు రసమట్టం పెట్టి చూస్తుంటే, ఇంకొకరు ఏటవాలు ఆసరా చెక్క బిగించారు. నీళ్ళు పోసి తడిపే పని లేదు, సెంట్రింగ్ విప్పే రోజు కోసం ఎదురుచూడడం లేదు. మధ్యాహ్నానికి నాలుగు గోడలూ లేచి, ఎక్కడ వంటగదో ఎక్కడ పడకగదో తెలిసిపోయింది. ఆమె చిన్న పిల్ల గది కొలతను అడుగులతో నడిచి చూసుకుంది.

సూపర్‌వైజరు పక్కన నా వయసువాడే ఒక బిల్డరు ఉన్నాడు. నగర శివార్లలో ఖరీదైన ఇళ్ళు కట్టే కంపెనీ ఆయనది. ఈ ఇంటికి తన మనుషుల్ని పంపుతున్నాడు: ట్రస్సులు ఎక్కించే బృందం, ప్లంబరు, కరెంటు పనివాడు. వాళ్ళ కూలి ఆయనదే. సరుకు కొనేటప్పుడు తనకు వచ్చే టోకు ధరకే సంస్థకూ ఇప్పిస్తాడు. టిఫిను బల్ల దగ్గర ఆయనతో చాలాసేపు మాట్లాడాను. 2002లో నార్త్ కరోలినాలోని రాలీలో టామ్ గిప్సన్ అనే బిల్డరు తోటి బిల్డర్లను కూడగట్టి, ఒకే వారంలో డజను హాబిటాట్ ఇళ్ళు కట్టి చూపించాడట. 2006కల్లా దేశమంతటా బిల్డర్లు ఒకే వారంలో వందల ఇళ్ళు కట్టే స్థాయికి వచ్చిందట. చెక్కు రాసిస్తే సరిపోదా అని అడిగాను. ఆయన చెప్పింది నాకు బాగా నచ్చింది. డబ్బు ఎవరైనా ఇస్తారు, చెప్పిన రోజున ప్లంబరును సైటుకు రప్పించడం మాత్రం బిల్డరుకే చేతనవుతుంది అన్నాడు.

ఇల్లు కట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. లింటెల్ లెవెల్ దగ్గర ఆగిపోయి, కమ్మీలు తుప్పు పట్టి, గదుల్లో తుమ్మ మొలిచిన ఇళ్ళు నేనెన్ని చూశానో. వాటిల్లో సగం డబ్బు చాలక ఆగితే, సగం సెంట్రింగ్ మేస్త్రీ దొరక్క, ఇసుక ట్రాక్టరు రాక, కంకర ధర ఒక్కసారిగా పెరిగి ఆగాయి. పెద్ద బిల్డరుకు ఇవన్నీ ఫోను మీద జరిగే పనులు. పేదవాడికి ఒక్కొక్కటీ ఒక్కో కొండ. బిల్డరు తన ఫోన్లో ఉన్న నంబర్లను ఆ పేదవాడి ఇంటి కోసం ఒక్క నెల వాడితే, ఆ ఇల్లు శ్లాబు దాటుతుంది. డబ్బు దానం కన్నా ఈ దానాన్ని నేను పెద్దదంటాను.

మధ్యాహ్నం ఆ బిల్డరే మమ్మల్ని రీస్టోర్‌కు తీసుకెళ్ళాడు. ఇళ్ళు కట్టేటప్పుడు మిగిలిపోయిన సరుకు, పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన మంచి సరుకు బిల్డర్లు ఇక్కడ ఊరికే ఇస్తారు. సంస్థ తక్కువ ధరకు అమ్మి, వచ్చిన డబ్బుతో ఇళ్ళు కడుతుంది. ఇలాంటి దుకాణం అమెరికాలో మొదట 1992లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో తెరిచారు. ఇప్పుడు వందల్లో ఉన్నాయి. టేకు తలుపులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. సగం వాడిన టైల్స్ పెట్టెలు, స్టీలు సింకులు, కబ్జాలు, ఒకే రంగు డబ్బాలు పాతిక. ఒక పింగాణీ వాష్ బేసిన్ మీద అంచు విరిగిందేమోనని వేలితో తడిమి చూశాను. కొత్తదే. హైదరాబాదులో ఒక్క పెద్ద వెంచరు పూర్తయ్యాక మూలన పడే టైల్స్, గ్రానైటు ముక్కలు, తలుపులు, పైపులు ఎన్ని ఇళ్ళకు సరిపోతాయో నాకు లెక్క తెలుసు. వాటిని పోగుచేసే షెడ్డు ఒకటి, పోగుచేసే మనిషి ఒకడు ఉంటే చాలు.

అన్నిచోట్లా అంతా ఫుల్లర్ గీసిన గీత మీదే నడుస్తోందని చెప్పను. స్థలాల ధర, సరుకు ధర పెరిగి, ఇప్పుడు చాలాచోట్ల బ్యాంకులతో కలిసి కొద్దిపాటి వడ్డీతో ఇళ్ళిస్తున్నారు. ఇంటి వాయిదా ఆ కుటుంబం ఆదాయంలో 30 శాతం దాటకూడదని చూసుకుంటారు. నగరం మధ్యలో పేదలకు స్థలం దొరకడమే గగనం. ఆ బిల్డరు కూడా దాచుకోకుండా ఒప్పుకున్నాడు. తాను ఏడాదికి ఒకటి రెండు ఇళ్ళకు మనుషుల్ని పంపితే, తాను కట్టి అమ్మే ఇళ్ళ మూలంగా ఆ వైపు స్థలాల ధరలు పెరిగి ఎంతమంది పేదలు దూరం పోతున్నారో తనకు తెలుసన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఊళ్ళల్లో అపార్ట్‌మెంటు కట్టినవాళ్ళు ఎక్కడుంటారు? వాచ్‌మన్ కుటుంబం మెట్ల కింద గదిలో ఉంటుంది. పొద్దున్నే అడ్డా మీద నిలబడి పనికొచ్చే కూలీలు ఊరవతల అద్దె గదుల్లో ఉంటారు. ఎన్నో ఏళ్ళు నాతో పనిచేసిన తాపీ మేస్త్రీ తన ఇంటి వెనక గోడకు నిన్న మొన్నటిదాకా ప్లాస్టరింగ్ చేయించుకోలేకపోయాడు. మన బిల్డర్ల సంఘాలు రక్తదాన శిబిరాలు పెడతాయి, అన్నదానాలు చేస్తాయి, గుళ్ళు కట్టిస్తాయి. అవన్నీ మంచి పనులే. పది ఫ్లాట్లు కట్టిన ప్రతిచోటా, వాటిని కట్టిన చేతులకు ఒక రెండు గదుల ఇల్లు, కట్టిన ఖర్చుకే, వడ్డీ లేని వాయిదాల మీద ఇస్తే ఏమవుతుంది? లాభంలో అణువంత తగ్గుతుంది. ఆ వాయిదాలతో రెండేళ్ళకో మూడేళ్ళకో ఇంకో ఇల్లు లేస్తుంది.

అట్లాంటాలో అర్ధరాత్రి దాటితే ఖమ్మంలో పగలు. ఆగలేక ఆ మేస్త్రీకి ఫోను చేశాను. జాన్సన్ దంపతుల ఇల్లు, గోడ మీది కాగితం, ప్లంబర్లను పంపే బిల్డరు, వాయిదా లెక్క, అంతా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విన్నాడు.

"వడ్డీ అసలే ఉండదా సార్?" అన్నాడు.

ఉండదన్నాను.

"అయితే తాపీ పని నాది. నా మనుషుల కూలి నేను మాట్లాడుకుంటాను. సిమెంటు, ఇనుము సంగతి మీరు బిల్డర్లతో మాట్లాడండి. నెలకెంత కట్టాలో ముందే కాగితం మీద రాసిస్తే, కట్టేవాళ్ళను నేను తీసుకొస్తాను సార్. ఒక్క వాయిదా కూడా తప్పరు."